పాస్‌వర్డ్ మారిస్తే అత్త ఫోనే ఇచ్చేసింది

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో, కేసీ కాలవ కింది పల్లె నుంచి వచ్చిందీ ఉత్తరం. పదకొండు పేజీలు. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. కుదించి చెప్తాను.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. బెంగళూరు కంపెనీ ఒకదానికి రెండేళ్లుగా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. కస్టమర్లు చాట్‌లో అడిగేవాటికి జవాబులు టైపు చేయడం, రోజుకు రెండు మీటింగులు. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదకొండు దాకా డ్యూటీ. నెలకు ఇరవై రెండు వేలు. ఊళ్లోకి కేబుల్ వాళ్ల నెట్ రాలేదు, 5జీ కూడా రాలేదు. తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని లాప్‌టాప్ నడుపుకుంటారు. రోజుకు 2 జీబీ రీచార్జ్. బండల మిద్దె కావడంతో లోపల సిగ్నల్ అందదు, పడమటి కిటికీలో మాత్రం బాగా వస్తుంది. డ్యూటీ ఉన్నంతసేపూ ఫోన్ ఆ కిటికీలోనే, చార్జింగ్‌లోనే ఉంటుంది.

ఉమ్మడి కుటుంబం. అత్త, బావ, తోడికోడలు, వాళ్ల కొడుకు, ఈమె, భర్త. అన్నదమ్ములిద్దరిదీ ఒకే సేద్యం. బావ కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. "చిన్నమ్మా, ఒక్క వీడియో క్లాసు చూసుకుంటా" అని అడిగితే ఈమె పాస్‌వర్డ్ చెప్పారు. నెల తిరిగేసరికి అది వాడి స్నేహితులు ముగ్గురికి తెలిసిపోయింది. సాయంత్రమైతే నలుగురూ వీధి అరుగు మీద చేరి ఆటలాడుకుంటున్నారు. ఇటు ఈమెకు నెట్ ఆగిపోయి మేనేజర్ నుంచి రెండు హెచ్చరికలు వచ్చాయి. మూడోసారి జరిగితే బెంగళూరు ఆఫీసుకు వచ్చి చేయాలి, లేదంటే మానుకోవాలి అన్నారు.

ఈమె పాస్‌వర్డ్ మార్చేశారు. ఆ రాత్రి ఎనిమిదింటికి సంగటి కెలకడానికి వంటింట్లోకి పోగానే పిల్లోడు "జేజీ, చిన్నమ్మ ఫోన్ ఒకసారి తీసియ్యి" అన్నాడు. రోజూ కూతురితో వీడియోలో మాట్లాడేది ఆ ఫోన్‌లోనే కాబట్టి అత్తకు ఫోన్ లాక్ తీసే గీత తెలుసు. తీసిచ్చింది. వాడు క్యూఆర్ కోడ్ తెరిచి తన ఫోన్‌తో స్కాన్ చేసుకున్నాడు. తెల్లారి మళ్లీ నలుగురూ అరుగు మీదే. ఈమె పిల్లోడి మీద కేకలేశారు. ఇల్లు అంటుకుంది. అత్త: "బిడ్డ సదువుకు అడ్డం పడతాండావే. నెట్టు ఏమన్నా నీ పుట్టింటి నుంచి తెచ్చినావా?" తోడికోడలు పద్నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. బావ మాటే ఈమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో లాప్‌టాప్ కొనడానికి ముప్పై ఎనిమిది వేలు ఇచ్చింది ఆయనే, తిరిగిస్తానంటే వద్దన్నదీ ఆయనే. ఇప్పుడు "నా దుడ్డుతో కొన్న మిషన్‌కు నెట్టు ఉంటాది, నా కొడుక్కి ఉండదా?" అన్నారు. భర్త మాత్రం "ఇంట్లో కూచోని చేసే పనే కదా, సర్దుకో" అంటున్నాడట.

ఆమె అడిగినవి మూడు. మళ్లీ ఎవరికీ చెప్పకుండా పాస్‌వర్డ్ మారిస్తే తప్పా? ప్రొద్దుటూరులో గది తీసుకుని వేరే ఉండమంటారా? ఆ పిల్లలు నా నెట్ మీద ఏదన్నా చేయకూడనిది చేస్తే నా మెడకు చుట్టుకుంటుందా?

అమ్మా, మీ పదకొండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "ఫోన్ కూడా పాతబడింది, వెనక మూత కొంచెం లేచినట్టుంది" అని. మీరు బాధలన్నీ రాసి చివర్న దాన్ని పెట్టారు, నేను మాత్రం దానితోనే మొదలుపెడతాను. అది పాతబడటం కాదు, లోపల బ్యాటరీ ఉబ్బి మూతను పైకి నెడుతోంది. ఈ జవాబు చదివాక ఆ ఫోన్‌ను మళ్లీ చార్జింగ్‌కు పెట్టొద్దు. మూతను నొక్కి సర్దొద్దు, సూదితో పొడిచి గాలి తీస్తామనే వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంటలు లేస్తాయి. ఆపేసి, ప్రొద్దుటూరులో ఆ ఫోన్ కంపెనీ సర్వీసు సెంటరుకో, నమ్మకమైన రిపేరు షాపుకో పంపి బ్యాటరీ మార్పించండి. ఆ ఒక్క రోజుకు సిమ్‌ను మీ ఆయన ఫోన్‌లో వేసుకోండి.

ఎందుకు ఉబ్బిందో మీ ఉత్తరమే చెప్తోంది. హాట్‌స్పాట్ నడిచే ఫోన్ రెండు పనులు చేస్తుంది. టవర్ నుంచి నెట్ లాగుతుంది, లాగినదాన్ని వైఫైగా చుట్టూ పంచుతుంది. దానికి తోడు తొమ్మిది గంటలు చార్జింగ్. ఆపైన పడమటి కిటికీ. కడప జిల్లా ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం మూడింటికి ఆ కిటికీ బండ మీద చెయ్యి పెట్టి చూడండి. బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి.

ఇప్పుడు నెట్ సంగతి. ఆరు పేజీలు ఆ పిల్లోడి మీద రాశారు. నాకెందుకో అనుమానం వచ్చి రెండు హెచ్చరికలు ఎప్పుడు వచ్చాయో వెతికాను. మొదటిది సాయంత్రం ఆరింటికి మీటింగు మధ్యలో మీరు మాయమైనందుకు. రెండోది మధ్యాహ్నం మూడున్నరకు, కస్టమర్ అరగంట ఎదురుచూసినందుకు. పిల్లోడు కాలేజీ నుంచి వచ్చేది అయిదు దాటాక అని మీరే రాశారు. మూడున్నరకు వాడు ఇంట్లోనే లేడు కదమ్మా!

మరి ఎవరు తిన్నారు? నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది. "పొద్దున పూట అత్త టీవీలో సీరియళ్లు చూసుకుంటుంది, దానికీ నా నెట్టే." స్మార్ట్ టీవీ పెద్ద తెర కాబట్టి, ఎవరూ ఆపకపోతే బొమ్మను హెచ్‌డీలోనే లాగుతుంది. హెచ్‌డీ వీడియో గంటకు ఒకటిన్నర జీబీ, ఆపైన కూడా తాగుతుంది. మీకు రోజు మొత్తానికి ఉన్నది 2 జీబీ. పొద్దున గంటంబావు సీరియళ్లు నడిస్తే చాలు, మీరు రెండింటికి లాప్‌టాప్ తెరిచేసరికి చెంబు అడుగున చుక్కలే మిగులుతాయి. అవీ అయిపోయాక నెట్ పూర్తిగా పోదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తుంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. కోటా మళ్లీ నిండేది అర్ధరాత్రి పన్నెండుకు. మీ డ్యూటీ పదకొండుకే అయిపోతుంది.

ఆరు గంటల సంగతి ఇంకా చిత్రం. మీ ఫోన్‌లో రెండు సిమ్‌లు. నెట్ ఒకదాని మీద. మీ అమ్మగారు రోజూ దీపం పెట్టి ఆరింటికి ఫోన్ చేసేది రెండోదానికి. రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండో సిమ్ నెట్ ఆగిపోతుంది. మీరు ఫోనెత్తి "మళ్లీ చేస్తా మా" అని పెట్టేసే ఆ అరనిమిషం చాలు, మీటింగులోంచి మీరు బయటపడటానికి. కొన్ని ఫోన్లలో కాల్ వచ్చినప్పుడు నెట్‌ను రెండో సిమ్‌కు మార్చే ఏర్పాటు ఉంటుంది, కానీ ఆ సిమ్ మీదా నెట్ ప్యాక్ ఉంటేనే దానివల్ల లాభం.

ఇదంతా పిల్లోడిని వెనకేసుకు రావడానికి కాదు. సాయంత్రం అయిదు దాటాక నాలుగు ఫోన్లు వేలాడితే మిగిలిన చుక్కలూ ఆవిరే. మీ ఫోన్ ఇంకా వేడెక్కడం కూడా అందువల్లే. కానీ మీ రెండు హెచ్చరికల్లో వాడి పాత్ర లేదు. ఆ రోజు వాడి మీద వేసిన కేకల్లో సగం మీ అమ్మ ఫోన్‌కు, సగం అత్త సీరియల్‌కు చెందాల్సినవి. ఈ సంగతి వాడికి చెప్తారా లేదా మీ ఇష్టం. నేనైతే చెప్తాను. పదిహేడేళ్ల పిల్లోడికి చిన్నమ్మ నోట "ఆ రెండుసార్లూ నీవల్ల కాదులే" అన్న మాట వినపడితే, తర్వాత "మిగతావి మాత్రం నీవల్లే" అన్న మాట కూడా ఎక్కుతుంది.

మీ ఒక్కరికే అయితే రోజుకు 2 జీబీ చాలు. చాట్ పని పెద్దగా నెట్ తినదు. వీడియో మీటింగు గంటకు సుమారు ఒక జీబీ దాకా తీసుకోవచ్చు, కెమెరా ఆపుకుంటే అందులో కొద్ది వంతే. లాప్‌టాప్‌లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే లెక్క చూసి వాడేదిగా, పెట్టుకుంటే విండోస్ అప్‌డేట్లు వెనకాల చాలామటుకు దిగకుండా ఆగుతాయి. కాబట్టి మీ కష్టం నెట్ తక్కువై వచ్చింది కాదు, ఒకే చేదకు ఆరుగురు చేతులు వేయడం వల్ల వచ్చింది.

నా చిన్నప్పటి మాట ఒకటి చెప్పనివ్వండి. కర్నూల్లో మా వీధికంతా మా ఇంట్లోనే టెలిఫోన్ ఉండేది. చుట్టుపక్కల వాళ్లు శుభలేఖల మీద మా నంబరు అచ్చు వేయించుకుని పక్కన "పీపీ" అని, అంటే పక్కింటివాళ్ల ఫోన్ అని, పెట్టుకునేవాళ్లు. ఎవరికి ఫోన్ వచ్చినా మా అమ్మ పొయ్యి మీద కూర వదిలి పరుగెత్తి పిలుచుకురావాలి. వచ్చే ఫోన్లకు మాకు పైసా ఖర్చు లేదు, కానీ చేసే ఫోన్లకు నాన్న ఒక నోటుబుక్కు పెట్టాడు. పేరు, ఊరు, నిమిషాలు. ఆ పుస్తకం పెట్టిన రోజు వీధిలో సగం మందికి కోపం వచ్చింది. నెల తర్వాత ఆ కోపం లేదు, పుస్తకం మాత్రం ఉంది. అమ్మ పరుగుకు ఏ పుస్తకమూ లేదనుకోండి, అది వేరే కథ. మీ కథలో ఆ పరుగే ఎక్కువ కనిపిస్తోంది నాకు.

ఎందుకంటే మీరు నెట్ ఒక్కటే ఇవ్వడం లేదు. బావగారు కొడుకు ఫోన్‌కు నెట్ లేని రీచార్జే వేయిస్తారని రాశారు. 2025 జనవరి నుంచి మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు వచ్చాయి కదా, అదే. నెట్ ఉంటే పిల్లోడు చెడిపోతాడని ఆయన భయం. "చిన్నమ్మ కాడైతే క్లాసులే చూస్తాడు" అని అత్తతో అన్నారట. అంటే ఆయన లెక్కలో మీరు నెట్ ఇచ్చే మనిషే కాదు, కాపలా మనిషి కూడా. అరుగు మీద ఆటలు నడుస్తున్నాయని ఆయనకు తెలియదు. తోడికోడలికి తెలుసు. మీకు తెలుసు. చెప్తే వాణ్ని గొడ్డును బాదినట్టు బాదుతాడని మీరు నోరు మూసుకున్నారు. ఆ మంచితనం మీ ఖాతాలో ఎవరూ వేయలేదు, పైగా పిల్లోడి చదువుకు అడ్డం పడ్డారన్న పేరు మిగిలింది. మీ తోడికోడలి మౌనం కోపం వల్లేనని మీరనుకుంటున్నారు. నాకు భయమేమో అనిపిస్తోంది. మీరు ఎక్కడ నోరు జారి బావగారి ముందు అసలు సంగతి చెప్తారోనని.

ఇక దారులు. నాలుగు కనిపిస్తున్నాయి, దేని ఖర్చు దానికుంది.

మొదటిది మీరడిగినదే, చెప్పకుండా మూసేయడం. దానికి పాస్‌వర్డ్ మార్చడం కంటే మంచి పద్ధతి కేబుల్. ఫోన్‌ను లాప్‌టాప్‌కు డేటా కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ పక్కనే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై అక్కర్లేదు. పాస్‌వర్డ్ లేదు, క్యూఆర్ లేదు, పక్క ఫోన్‌కు అందదు. ఫోన్ తక్కువ వేడెక్కుతుంది, లాప్‌టాప్ నుంచే మెల్లగా చార్జ్ కూడా అవుతుంది. రెండు మీటర్ల కేబుల్ కొనుక్కుంటే ఫోన్ కిటికీ దగ్గరే ఉంటుంది, ఎండ పడని మూలకు జరపొచ్చు. దీన్ని మీరు ఏ దారి ఎంచుకున్నా చేయమంటాను. కానీ ఇదొక్కటే చేసి ఊరుకుంటే ఇంట్లో వాళ్ల కంటికి కనిపించేది ఒకటే, కోడలు తీగ పెట్టుకుని అందరినీ కోసేసింది అని. నెట్ తగాదా ఆగుతుంది, అది ఇంకో పేరుతో మీ మీదికి వస్తుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందనో, మీ చెల్లెలు వచ్చి నాలుగు రోజులుందనో.

రెండోది వేళలు పెట్టడం. పొద్దున హాట్‌స్పాట్ అందరికీ, రెండు నుంచి పదకొండు దాకా ఎవరికీ లేదు. వినడానికి న్యాయంగా ఉంటుంది, మీ విషయంలో పనికిరాదు. పొద్దున టీవీ తాగేశాక మధ్యాహ్నం తలుపు వేసుకుంటే లోపల ఏముంటుంది? టీవీ యాప్‌లో బొమ్మ నాణ్యతను 480కి తగ్గించి పెడితే ఖర్చు మూడో వంతుకో, ఇంకా తక్కువకో దిగుతుంది. అత్తగారి కళ్లకు తేడా పెద్దగా తెలియదు. అయినా అది ఊరట మాత్రమే, ఎవరైనా రిమోట్ నొక్కేదాకా.

మూడోది గది. ప్రొద్దుటూరులో వేరే ఉండటం. అద్దె, వంట, రాత్రి పదకొండుకు ఒంటరిగా తలుపు గడియ వేసుకోవడం ఒక పక్క. ఇంకో పక్క, అన్నదమ్ముల సేద్యం ఒకటే కాబట్టి మీ ఆయన రోజూ పల్లెకు పోయి రావాలి. ఇవన్నీ తట్టుకోవచ్చు, చాలామంది తట్టుకుంటున్నారు. కానీ ఇప్పుడు బయటికి వస్తే ఊళ్లో మిగిలే మాట "నెట్టు కాడ ఇల్లు విడిపోయింది" అనే. విడిపోవాల్సిన కారణం నిజంగా ఉంటే విడిపోండి, తప్పులేదు. మీ ఉత్తరంలో నాకు ఆ కారణం కనిపించలేదు, అలసట కనిపించింది. బెంగళూరు మాట అయినా అంతే, మేనేజర్ పొమ్మన్నాడని కాకుండా మీకు పోవాలనిపిస్తే ఆలోచించండి.

నాలుగోది నాకు నచ్చినది, కొంచెం డబ్బు ఖర్చు. ఇంటికి వేరే ఫోన్, వేరే సిమ్. బీరువాలో ఎవరిదో పాత ఫోన్ ఉంటే అదే చాలు. నెట్ ప్యాక్ వేయించి దాన్ని అత్తగారి చేతికివ్వండి. అవును, ఆమెకే. కూతురితో వీడియోలో మాట్లాడుకునేది, టీవీకి హాట్‌స్పాట్ ఇచ్చేది, మనవడు పాస్‌వర్డ్ అడగాల్సింది ఇక ఆ ఫోన్‌తోనే. మీ ఫోన్ గీత అదే రోజు మార్చండి, దాచిపెట్టి కాదు, "అత్తా, నీకు వేరే ఫోన్ వచ్చింది కదా, దీంట్లో కంపెనీ వాళ్ల పని ఉంటాది" అని చెప్పే మార్చండి. ఆ రాత్రి మనవడికి ఫోన్ తీసిచ్చినప్పుడు ఆమె కుట్ర చేయలేదమ్మా. నలుపు తెలుపు చుక్కల బొమ్మలో పాస్‌వర్డ్ ఉంటుందని ఆమెకేం తెలుసు? మనవడు అడిగాడు, ఇచ్చింది. ఇప్పుడూ అడిగిన ప్రతివాడికీ ఇస్తుంది. మూడో రోజు సాయంత్రం కూతురితో వీడియో మధ్యలో బొమ్మ ఆగి చక్రం తిరుగుతుంటే, అరుగు మీది పిల్లలను తరిమే బాధ్యత ఆమే తీసుకుంటుంది. మీరు నాలుగు నెలలుగా చేయలేనిది ఆమె నాలుగు నిమిషాల్లో చేస్తుంది, ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనరు.

దీనికీ చిక్కులున్నాయి. నెల ప్యాక్ అని మనం అనేది చాలావరకు 28 రోజులదే, ఏడాదికి పదమూడుసార్లు వేయించాలి. రెండోసారికే "నీకు తెలుసు కదా, నువ్వే వేయించు" అని మీ దగ్గరికి వస్తుంది. అది మీ ఆయన పని అని మొదటి రోజే తేల్చుకోండి. ఇంటి ఖర్చులో గ్యాస్‌బండలాగా అదీ ఒకటి. రెండో చిక్కు, ఇంట్లో నెట్ ఉందంటే బావగారికి కొడుకు సంగతి తెలుస్తుంది. తెలియనివ్వండి. పిల్లోడికి నెట్ ఇవ్వాలా, ఎంతసేపు ఇవ్వాలా అన్నది తండ్రి తేల్చుకోవాల్సిన విషయం. మీరు చాడీ చెప్పాల్సిన పనిలేదు, కాపలా కాయాల్సిన పనీ లేదు. దానికి ముందు ఒకసారి తోడికోడలితో, "అక్కా, అరుగు సంగతి నేను బావతో చెప్పలేదు, చెప్పను కూడా" అని ఒక్క మాట అనండి. పద్నాలుగు రోజుల మౌనం ఆ మాటతో కదులుతుందని నా నమ్మకం.

ముప్పై ఎనిమిది వేల సంగతి దాటేయలేం. బావగారి మాట మీకు అన్యాయంగా తోచింది. సగం అన్యాయమే, ఎందుకంటే సాయం చేసినవాడు దానికి వడ్డీ నెట్ రూపంలో వసూలు చేయకూడదు. కానీ రెండేళ్లుగా జీతం వస్తోంది, ఆ డబ్బు తిరిగి చేరలేదు. ఆయన వద్దన్నారు నిజమే, మన ఇళ్లలో ఎవరూ ముందు సరేననరు. ఇప్పుడు గొడవ మధ్యలో నోట్లకట్ట తెచ్చి చేతిలో పెడితే మాత్రం అది బాకీ తీర్చడం కాదు, చెంప మీద కొట్టడం. ఆరు నెలలు పోనివ్వండి. పిల్లోడు ఇంటర్ అయ్యాక కోచింగుకో, ఇంజినీరింగు ఫీజుకో డబ్బు అవసరం పడుతుంది. అప్పుడు మీ ఆయన చేతుల మీదుగా ఇప్పించండి. లేదూ, ఆ మాట రోజూ మెదులుతూ నిద్ర పట్టడం లేదంటే ఇప్పుడే విడతలుగా అత్తగారి ద్వారా ఇవ్వండి. కొంత మనస్పర్ధ వస్తుంది, మీ మనసు మాత్రం తేలికవుతుంది. ఏది బరువో మీరే తూచుకోవాలి.

మూడో ప్రశ్నకు జవాబు సూటిగా చెప్తాను. ఆ పిల్లలు మీ హాట్‌స్పాట్ మీద ఎవరినైనా బెదిరించినా, దొంగ ఖాతా తెరిచి ఎవరి డబ్బయినా కాజేసినా, పోలీసుల విచారణ మొదలయ్యేది ఆ నెట్ ఏ సిమ్ నుంచి వెళ్లింది, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది అన్న దగ్గర. సిమ్ యజమానే నేరస్థుడని దాని అర్థం కాదు, కానీ ముందు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. మీ సిమ్ పెళ్లికి ముందు తీసుకున్నది, మీ నాన్నగారి పేరు మీద ఉంది. అంటే ప్రశ్న ముందు పోయేది జమ్మలమడుగులో మీ నాన్న ఇంటి గడప దగ్గరికి. (నెట్టు పుట్టింటి నుంచి తెచ్చినావా అని అత్తగారు అడిగారు కదా. నిజానికి తెచ్చిందే. ఆ మాట ఆమెతో అనకండి, నాకు నవ్వొచ్చి రాశాను.) ఆధార్ తీసుకుని మీరూ మీ నాన్నగారూ కలిసి సిమ్ కంపెనీ స్టోరుకు పోయి సిమ్‌ను మీ పేరుకు మార్పించుకోండి. బయటి పిల్లలు ముగ్గురి విషయంలో నేను దారులు, ఖర్చులు అని నసగను. ఇంటివాడు కానివాడికి మీ నెట్ వద్దు. కేబుల్ పెట్టుకునేదాకా ఈ రెండు మూడు రోజులకు హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు (ఇది 5జీ కాదు, వైఫై తరంగం) మార్చితే, మీ ఫోన్‌లో ఆ వీలుంటే, ఆ తరంగం గోడలు దాటి ఎక్కువ దూరం పోదు. అరుగు దాకా అందడం కష్టం.

కంపెనీ పెట్టిన నిబంధనలు ఒకసారి తీసి చదవండి. కస్టమర్ల వివరాలు చూసే పనుల్లో, వాడే నెట్‌ను ఇతరులతో పంచుకోవద్దని రాసి ఉండొచ్చు. ఉంటే ఇంట్లో "కాదు" అనడానికి అంతకంటే మర్యాదైన మాట దొరకదు. లేకపోతే ఉందని అబద్ధమాడొద్దు, పిల్లోడు రేపు మీ లాప్‌టాప్‌లోనే చూసి పట్టుకుంటాడు. మేనేజర్‌కు కూడా ఒక మెయిల్ పెట్టండి. రెండుసార్లూ ఎందుకు ఆగిందో తెలిసింది, సరిచేసుకున్నాను, ఇంటర్నెట్ ఖర్చు ఏమైనా ఇస్తారా అని. అడగడానికి భయమెందుకు, ఇలా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి.

మీ ఆయన గురించి మీరు పెద్దగా ఏమీ రాయలేదు. "సర్దుకో" అన్న ఒక్క మాట తప్ప. ఆయన చెడ్డవాడని నాకు అనిపించలేదు, చూడలేదు అంతే. పొలంలో మోటారు ఆగితే ఆయన అర్ధరాత్రయినా టార్చి పట్టుకుని పోతాడు కదా? మీ మోటారు ఆగినప్పుడు ఏమవుతుందో ఆయనకు కనిపించదు, ఎందుకంటే చప్పుడు రాదు. ఒక రాత్రి భోజనం అయ్యాక ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా మీ పక్కన కుర్చీ వేసి కూచోబెట్టండి. ఏమీ వివరించొద్దు. తెర మీద ఒకేసారి ముగ్గురు కస్టమర్లు అరుస్తుంటే, కింద ఎర్రంకెల గడియారం నడుస్తుంటే చూస్తాడు. ఆ తర్వాత చెప్పండి, కొత్త ఫోన్ మాట అమ్మతోనూ అన్నతోనూ నువ్వే మాట్లాడాలి అని. ఈ ఇంట్లో ఆ మాట కొడుకు నోట వస్తే ఏర్పాటు అవుతుంది, కోడలి నోట వస్తే ఎదురుతిరగడం అవుతుంది. న్యాయమా అంటే కాదు. కానీ మీ మూడో హెచ్చరిక రాకముందే తెమలాల్సిన పని ఇది.

ముందు బ్యాటరీ, తర్వాత కేబుల్, ఈ ఆదివారం లోపల మీ ఆయనతో మాట. మీ అమ్మగారితో మాత్రం ఈరోజే చెప్పండి, సాయంత్రం ఆరింటికి చేయొద్దని. ఆమె నొచ్చుకోకుండా రోజూ పొద్దున పదకొండింటికి మీరే చేయండి. దీపం పెట్టే వేళకు బిడ్డ గొంతు వినడం అలవాటైన మనిషి, మొదటి వారం ఎట్లాగూ ఆరింటికే చేస్తుంది. ఎత్తకుండా ఉండటం కష్టమే.